ముప్పై ఒక్క కార్డులు

రెండు వేల ఇరవై ఒకటి ఫిబ్రవరి, జర్మనీలోని డార్మ్‌స్టాట్. కుర్చీలన్నీ బల్లల మీదికెక్కిన హోటల్లో ఇద్దరే ఉన్నారు: యజమాని వాసుదేవరావు, శని ఆదివారాల్లో అక్కడ వడ్డన చేస్తూ చదువుకున్న సరయు. ఆమె ల్యాప్‌టాప్‌లో హోటల్ తరఫున పంపే కార్డు తయారుచేస్తోంది.

"అయితే కార్డుకి పసుపు వద్దంటావు?"

"వద్దంకుల్. ఇక్కడ పసుపు కవరొస్తే కోర్టు కాయితమని గుండె జారుతది. మా పక్క రూమామె ఒకటొస్తే తెరవక మూడు రోజులు ఫ్రిజ్ మీద పెట్టింది."

"మన దగ్గర నాలుగు మూలలా పసుపు రాయందే శుభలేఖే కాదమ్మాయ్."

"ఇది శుభలేఖ కాదు కదా అంకుల్."

"కాదులే. పోనీ ఎరుపు?"

"రోజూ టీవీల మ్యాపు చూపిస్తున్నరు కదా. ఎర్రగుంటే కరోనా కేసులెక్కువని."

"దీన్ని తగలెయ్య, రంగుల్ని కూడా వదల్లేదన్నమాట. సరే, తెల్ల కార్డుకి నల్ల అంచు పెట్టు. హుందాగా ఉంటుంది."

"అయ్యో, అది అసలే వద్దు. వీళ్ళు చావు కబురు కార్డులకు అదే పెడ్తరు... అంకుల్? వింటున్నరా?"

"ఆఁ, వింటున్నా. తీసెయ్. నలుపు తీసెయ్, ఎక్కడా ఉండకూడదు."

"తీసేసిన. అరిటాకు పచ్చ పెట్టిన, చూడండి."

"మరీ ఆసుపత్రి తెరలా లేదూ?"

"పొద్దున్నుంచి పదకొండు రంగులైనయంకుల్."

"విసుక్కోకు తల్లీ. కాఫీ తాగుతావా? పాలు లేవు, నల్లదే."

"వద్దు. ఇది తొందరగా అయితే నేను రైలుకు పోత."

"తొందరపడితే ఎలా? ఈ కార్డు చూసి మనిషి ఫోన్ చెయ్యాలి. అదీ నాక్కావలసింది."

"అందరూ చెయ్యరు. వందకు ఇద్దరో ముగ్గురో చేస్తే గొప్ప అని మా క్లాసుల చెప్పిండ్రు."

"ఇద్దరూ ముగ్గురూ చాలదు. అందరూ చెయ్యాలి."

"అందరూనా?"

"అందరూ. బొమ్మ సంగతి చూడు. తాజ్‌మహల్ ఉందిగా?"

"ఉంది. కానీ అది సమాధి కదంకుల్."

"...తీసెయ్."

"మీరిచ్చిన ఫోటో కూడా బాగుండదేమో. హాలు నిండ జనం, ఒకరి భుజం ఒకరికి తాకుతున్నది. ఇప్పుడది చూస్తే ఎవరికైనా భయమైతది."

"ఎప్పటిదది?"

"మొన్న అక్టోబరుది. మీరే తీసిండ్రు."

"తీసెయ్, తీసెయ్. చూసుకోకుండా ఇచ్చాను. అది నీ దగ్గరుంచుకోకు కూడా."

"సరే సరే. ఒక్క దోసె పెడ్త, పక్కన చట్నీ. మనుషులు లేకుండ."

"మనుషులు లేకుండా... కానీ, అలాగే కానీ."

"రాత ఏం పెట్టాలె? ఇంటికి పార్సిల్ తెచ్చిస్తమనా?"

"మీరు బాగున్నారా అని పెట్టు."

"అంతేనా? మెనూ, ధరలు?"

"కింద చిన్నగా వేసుకో. ఫోన్ చేసినవాళ్ళకి ఇంటిల్లిపాదికీ భోజనం ఉచితమను."

"ఊరికేనా? హోటల్ మూతపడి నాలుగో నెల నడుస్తున్నదంకుల్!"

"ఊరికే. వెనక మన అడ్రసు మాత్రం పెద్దగా వెయ్యి. కార్డు అందకపోతే అది తిరిగి నా దగ్గరికి రావాలి."

"ఎన్ని వేయించాలె? ఐదు వందలైతే చౌక. మన వీధులన్నీ తిరిగి ఇండ్ల పోస్టు డబ్బాల్ల నేనే వేసొస్త."

"సగం డబ్బాల మీద ప్రకటనలు వెయ్యొద్దని అంటించి ఉంటుంది. పేరు రాసే పంపాలి. ముప్పై ఒకటి చాలు."

"ముప్పై ఒకటా? గంతేనా? ఎవరా ముప్పై ఒక్క మంది?"

"పాత కస్టమర్లే."

"వాళ్ళ అడ్రసులు మనకెక్కడివి?"

"ఉన్నాయిలే. నువ్వా దోసెని కాస్త ఎర్రగా కాల్చు."

"అంకుల్, మీ పక్కనున్న ఆ చెప్పుల డబ్బాల ఉన్నయా?"

"ముట్టుకోకు."

"ఇవి కరోనా చీటీలు కదా! వచ్చినోళ్ళతోటి పేరు, అడ్రసు, ఫోను రాయించినం. నాలుగు వారాలు దాటితే చింపెయ్యాలె. అన్నీ నేనే చింపిన."

"ఇవి తప్ప."

"అన్నింటి మీద ఒకటే తారీఖు. అక్టోబరు పదిహేడు, శనివారం."

"ఆఁ."

"ఫోన్ నంబర్లు కూడా ఉన్నయి. కార్డెందుకు, మీరే చెయ్యొచ్చు కదా?"

"మూడుసార్లు నొక్కాను. మోగేలోపే పెట్టేశాను. ధైర్యం చాల్లేదమ్మా."

"ఫోన్ చేసెతందుకు ధైర్యమెందుకంకుల్?"

"ఆ శనివారం తిన్నవాళ్ళలో ఒకాయనకి కరోనా తేలింది. నాలుగో రోజు హెల్త్ ఆఫీసు వాళ్ళు ఫోన్ చేసి, మిగతావాళ్ళని హెచ్చరించడానికి చీటీలు పంపమన్నారు. పంపితే హోటల్ మూయిస్తారేమోనని, సింకులో పడి తడిసిపోయాయని చెప్పాను. ఎవరికీ కబురు వెళ్ళలేదు. తీరా చూస్తే నవంబరు రెండుకి దేశంలో హోటళ్ళన్నీ మూయించనే మూయించారు. నేను దాచుకున్నది పట్టుమని పన్నెండు రోజులు."

"ఒక్క చీటీ కూడ తడవలేదంకుల్."

"వీళ్ళంతా బతికున్నారో లేదో నాకు తెలియాలి సరయూ. ఆ ఐదో బల్ల దగ్గర చేతికర్రతో ఒక పెద్దావిడ కూర్చుంది... తిట్టు. ఏదో ఒకటి అను, అలా చూడకు."

"ముప్పై రెండు వేయించండంకుల్."

"ఇంకొకటి ఎవరికి?"

"ఆ శనివారం వాళ్ళందరికి వడ్డించింది నేను. నాక్కూడ మీరు చెప్పలే."