రెండడుగుల రాయి, ఒక స్థాపకుడు

వృద్ధుల కేంద్రం ఆఫీసు గదిలో చరిత్ర చెబుతున్నవారు రిటైరైన సర్వేయరుగారు. రాసుకుంటున్నది కేంద్రం గుమాస్తా. గుమ్మం దగ్గర నున్నటి పలక ముందు ఉలితో సిద్ధంగా ఉన్నవాడు రాతిపని మేస్త్రి.

"రాసుకో అమ్మాయీ. మానవజాతి చరిత్రలో యుగాలు రెండే. క్యారంబోర్డుకు పూర్వం, క్యారంబోర్డుకు పిమ్మట."

"బాబాయిగారూ, రాయి రెండడుగులే."

"రాయి సంగతి నాకా చెబుతావు? ముప్ఫై నాలుగేళ్లు రాళ్లే పాతించాను."

"సర్వేయరుగారూ, నాది అక్షరానికి రెండంగుళాల లెక్క. మానవజాతి దగ్గరే మొదటి వరస సగం అయిపోతుంది."

"సరే మేస్త్రీ, మానవజాతిని వదిలేద్దాం. సేవలు రాయి అమ్మాయీ. మంగళవారం బీపీ చూడటం. శుక్రవారం ఫోన్లో బొమ్మలు పంపడం నేర్పడం."

"అది ఆపేశామండీ. నేర్చుకున్నవాళ్లు పంపడం ఆపట్లేదని."

"నేర్పితిమి అని రాయి. భూతకాలం. తరువాత, పెన్షనుదారులకు బతికే ఉన్నట్టు ధ్రువపత్రం."

"ఆ రోజు వరసలో కొట్టుకుంటారు బాబాయిగారూ, ముందు ఎవరు బతికున్నారని."

"కొట్టుకోవడం సేవ కాదు, రాయకు. ఇక స్థాపన. ‘ఊరి పెద్దలు బస్సు డిపో మెట్ల మీద ఎండలో కూర్చోవడం చూసి, కరిగిన హృదయంతో సర్వేయరుగారు...’"

"అక్కడ కాస్త ఆగాలి బాబాయిగారూ."

"ఏం, హృదయం పట్టదా?"

"హృదయం కాదు, పేరు. మొదటి అర్జీ ఎవరు పెట్టారో వాళ్లనే స్థాపకులుగా చెక్కమన్నారు మున్సిపాలిటీవాళ్లు. నిన్న పాత ఫైలు పంపారు."

"పంపనీ. అందులో నాది ఉంటుంది, నాలుగు పేజీలు. అమ్మాయీ, ఊరందరి పొలాలకూ హద్దురాళ్లు వేయించాను. నా పేరున్న రాయి ఒక్కటీ లేదు. పదిహేనేళ్లుగా దీని కోసమే ఆగాను."

"మీది ఉందండీ. రెండోది."

"రెండోదా? మొదటిది ఆ డ్రిల్లు మాస్టరుదా?"

"కాదండీ."

"కంపౌండరుదా? వాడికి వాక్యం రాదే."

"పిన్నిగారిది."

"ఏ పిన్ని?"

"మీ ఇంట్లో పిన్నిగారేనండీ."

"ఆవిడదా? ఆవిడ... ఆవిడకెందుకు?"

"నేను చదవను లెండి."

"చదవకపోతే ఎలా? నా ఆశయాన్ని నాకంటే ముందే గ్రహించిందన్నమాట. సహధర్మచారిణి అంటే అదీ. మేస్త్రీ, రెండు పేర్లూ చెక్కు. నాది పైన. నువ్వు చదువమ్మా."

"చదవమంటారా?"

"చదవమన్నానుగా."

"‘అయ్యా, మా వారు నిన్న సర్వే శాఖలో పదవీ విరమణ చేశారు. ఈ ఉదయం పొయ్యికీ పంపుకీ మధ్య టేపు పెట్టి కొలిచారు. పన్నెండు అడుగులట. అందులో ఆరు నేను వృథాగా నడుస్తున్నానట. రేపు నా చేత నడిపించి చూస్తారట. కావున పెద్దవారు పగలంతా కూర్చోవడానికి ఊళ్లో ఒక గది ఇప్పించ ప్రార్థన. తొమ్మిదికి తెరిచి ఐదుకి మూయాలి. ఆదివారాలు కూడా.’"

"పన్నెండు కాదు."

"ఏమిటండీ?"

"పదకొండున్నర. పన్నెండని నేను అనలేదు."

"సర్వేయరుగారూ, ఇంతకీ ఏం చెక్కమంటారు?"

"ఉండవయ్యా. అమ్మాయీ, ఇది చెల్లదు. ఏదో విసుగులో రాసింది. ఆలుమగల మధ్య మాట అర్జీ ఎలా అవుతుంది? నేను శాఖలో పనిచేసినవాణ్ణి. సాక్షి లేని కాగితానికి విలువ లేదు."

"సాక్షి ఉన్నారండీ. కింద వేలిముద్ర."

"ఎవరిది?"

"మీ అమ్మగారిది."