ఓబలప్ప ఆపిన గీజరు

"నేనేం పెద్ద పని చేసినానప్పా, గీజరు ఆపినా, అంతే," అంటూ ఓబలప్ప నంగలి ఊరి టీ అంగట్లో బెంచీ మీద కాళ్లు పైకి పెట్టుకున్నాడు. టీ కాచే ఆవులప్పకూ, పాలు పొయ్యడానికొచ్చిన మునిలక్ష్మికీ వినక తప్పలేదు.

"పోయిన ఎండాకాలం మన వీధి ట్రాన్స్‌ఫార్మరు కాలి, ఫ్యాన్లు ఆగిపోయి, ఈ మునిలక్ష్మి పట్టుపురుగులన్నీ చచ్చిపోయినాయి కదా. ఆ యమ్మ ఏడుస్తా ఉంటే చూడలేకపోయినా. అందుకే ఈసారి కరెంటాఫీసు స్మిత ఇంజనీరమ్మ ఇంటింటికీ ఒక లైటు పెట్టించింది. కరెంటు తక్కువ వాడితే పచ్చగా, ఎక్కువ వాడితే ఎర్రగా వెలుగుతాది. మా ఇంట్లో పెట్టిన దినం నుంచీ ఎరుపే. నాకు రోషమొచ్చింది. గీజరు ఆపినా, ఎరుపే. టీవీ ఆపినా, ఎరుపే. మిక్సీని అటక మీదకెక్కించి నా పెండ్లాం, మీ అక్కచేత రోట్లో రుబ్బించినా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"అక్క నిన్ను రుబ్బింటాది," అన్నాడు ఆవులప్ప.

"ఇంగ విను. మిగిలిన కరెంటంతా యాడికి పోవాల? వైర్లోనే నిండిపోయింది. ఆ బరువుకు వైరు గుమ్మడితీగ మాదిరి కిందికి దిగింది. కింద బిందె పెడితే నిండింది. ఆ బిందెడు కరెంటుతో శ్రీనివాసపురం మామిడితోటలన్నిటికీ నీళ్లు తోడినా. ఇంగా మిగిలింది, అది వెనక్కి మళ్లి కేజీఎఫ్ దాకా పోయింది. ఎప్పుడో మూతబడిన బంగారు గనిలో చక్రం గిర్రున తిరిగి, కూలోళ్లను దించే బోను పైకొచ్చింది. బోన్లో ఎవరనుకున్నావు? మా తాత. నెత్తిన లైటు కూడా ఉండాది. 'ఓబలా, షిఫ్టు అయిపోయిందా' అని అడిగినాడు."

"మీ తాత నంగలి దాటి యాడికీ పోలేదు కదప్పా," అన్నాడు ఆవులప్ప.

"అదే కదా నాకూ ఆశ్చర్యం."

మునిలక్ష్మి పాలక్యానుకు మూత పెట్టింది. "అన్నా, కొత్త సామాను ఇంట్లోకొచ్చిందని ఆ లైటుకు మందంగా కుంకం పూసి పూజ చేసినావు, గుర్తుండాదా? నిన్న మీ ఇంటికి పాలియ్యను వచ్చినప్పుడు కొంగుతో తుడిచి చూసినా. కుంకం కింద పచ్చగా వెలుగుతా ఉండాది."

ఓబలప్ప టీ గ్లాసు నోటికాడే ఆగింది. ఆవులప్ప నవ్వు ఆపుకోలేక పొయ్యి వైపు తిరిగాడు.

"అయితే ఇంగ గీజరు వేసుకోవచ్చునామ్మా?" అని అడిగాడు ఓబలప్ప గ్లాసు కింద పెట్టి.

"వద్దన్నా. పొద్దున్నే మా పురుగులు గూళ్లు కట్టను మొదలుపెట్టినాయి. ఈ ఎండల్లో కూడా ట్రాన్స్‌ఫార్మరు నిలిచింది, మా ఫ్యాన్లు ఆగలేదు. దాంట్లో నీ చలువ కూడా ఉండాది. అందుకే తుడిచిన కుంకం మళ్లా నేనే పూసి వచ్చినా."