మొదటి మాటకే

ఇరాన్‌లో అహ్వాజ్ ఊరికి అవతల ఎడారిలో ఒక చమురు బావి. షా గారి కాలం. అమెరికా మేనేజరు హార్లన్ తన రేకుల గదిలో లోపల గడియ పెట్టుకుని ఉన్నాడు. పక్కన ఉన్నది మేస్త్రీ కరామత్ ఒక్కడే. పనివాళ్ళంతా బయట ఉన్నారు.

“బల్ల ఇటు లాగు కరామత్! తలుపుకి అడ్డం పెట్టు!”

“పెట్టినా ఆగదు మిస్టర్. ఇనప గొలుసులతో బాదుతున్నారు.”

“నేనేం చేశానని?”

“దారాబ్ చచ్చిపోయాడు.”

“గొలుసు చుట్టుకుని చచ్చిపోయాడు. నేను చంపానా?”

“రాత్రంతా పని చేసినవాణ్ణి పొద్దున మళ్ళీ గొట్టం దగ్గర నిలబెట్టారు. నిలబడే తూగుతున్నాడు వాడు. గొట్టం బిగించే గొలుసు చేతికి చుట్టుకుంటే విదిలించుకోలేకపోయాడు. భుజం దాకా ఊడొచ్చింది. చూశారుగా.”

“అడిగాను! అందరి ముందూ అడిగాను, అలిసిపోయావా, ఇంటికి పోతావా అని. లేదు మిస్టర్, మీ నీడలో అలుపేంటి అన్నాడు. అన్నాడా లేదా?”

“అన్నాడు.”

“మరి?”

“మళ్ళీ అడగలేదు మీరు.”

“ఒకసారి అడిగితే చాలదా?”

“చాలదు. అడగ్గానే అలిసిపోయానని చెప్పుకునే మగాడు మా వాళ్ళలో లేడు. రెండోసారి అడిగితే తల గోక్కునేవాడు. ఇంకోసారి బతిమాలితే సలాం కొట్టి ఇంటికి పోయి పడుకునేవాడు. ఈపాటికి గుర్రు పెడుతుండేవాడు.”

“మా ఊళ్ళో లేదంటే లేదే.”

“తెలుసు. నా కత్తి మీ నడుముకి వేలాడుతున్నప్పట్నుంచీ తెలుసు.”

“ఇప్పుడు కత్తి గొడవెందుకు? నువ్వే ఇచ్చావు!”

“మా ఇంటికొచ్చి బాగుందన్నారు. మీదే, తీసుకోండి అన్నాను. మా తాత కత్తి అది. మీరు అబ్బే వద్దంటారు, నేను మళ్ళీ అంటాను, మీరు మళ్ళీ వద్దంటారు, టీ తాగి లేస్తాం అనుకున్నా. మొదటి మాటకే మొలలో దోపుకున్నారు.”

“ఇన్నాళ్ళూ చెప్పలేదేం?”

“ఇచ్చింది ఎలా అడుగుతాను? ... కిటికీ దగ్గర్నుంచి తప్పుకోండి! తప్పుకోండి!”

“అమ్మో! కన్ను! నా కన్ను పోయింది!”

“కన్ను కాదు, నుదురు. గాజు పెంకు గుచ్చుకుంది. కదలకండి, లాగుతున్నా. ఈ తువ్వాలు అదిమి పట్టుకోండి.”

“సొరుగులో తుపాకి ఉంది. తియ్యి.”

“తియ్యను.”

“తియ్యమంటున్నా!”

“ఒకణ్ణి కాలుస్తారు. మిగతావాళ్ళు మిమ్మల్ని ముక్కలు చేస్తారు. ఉండండి, దారాబ్ అన్న గూదర్జ్ గొంతు వినిపిస్తోంది.”

“కరామత్ మామా! నువ్వు బయటికి రా! నీతో మాకు పేచీ లేదు. వాణ్ణి మాకొదిలెయ్!”

“ఆగు నాయనా గూదర్జ్! నీ తమ్ముడు నాకూ కొడుకులాంటివాడే!”

“వాడి చెయ్యి ఇంకా ఆ గొట్టానికే చుట్టుకుని ఉంది మామా! చెయ్యి లేకుండా పాతిపెట్టమంటావా? మా అమ్మకి ఏం చూపించమంటావు? తలుపు తియ్యకపోతే డీజిలు పోసి తగలబెడతా!”

“అంటాడే గాని... చెయ్యడు కదా కరామత్?”

“చేస్తాడు. డీజిలు వాసన రావట్లేదా మీకు?”

“పోలీసులు—”

“వాళ్ళ జీపు వచ్చేసరికి మీరు బొగ్గయిపోతారు. నేను చెప్పేది వినండి. మా బఖ్తియారీ తెగలో రక్తపు పగ ఆగాలంటే ఒక్కటే దారి. ఆ తువ్వాలు మెడలో వేసుకోండి, శవానికి చుట్టే కఫన్ అనుకోండి దాన్ని. కత్తి గూదర్జ్ చేతికివ్వండి. మోకాళ్ళ మీద కూర్చుని, నా మెడ నీది అనండి.”

“పిచ్చా నీకు? కోసేస్తాడు!”

“కొయ్యడు. ఇచ్చిన మెడ ఎవడూ కొయ్యడు. అంత సిగ్గుమాలిన పని మా కొండల్లో ఇంతవరకు ఎవడూ చెయ్యలేదు. అక్కర్లేదు పో అంటాడు.”

“అంటే అయిపోయినట్టేగా?”

“అదే చెప్తున్నా, పూర్తిగా వినండి. వాడు అక్కర్లేదన్నాక మీరు—”

“నిప్పు! తలుపు కింద నిప్పు! గడియ తియ్యి కరామత్! చస్తాం, తియ్యి!”

“పిడి వాడి వైపు పెట్టి పట్టుకోండి! తల దించండి! ... జరగండ్రా! జరగండి! కఫన్‌తో వస్తున్నాడు, ఎవడైనా చెయ్యెత్తితే నేనూరుకోను! గూదర్జ్, నీ కాళ్ళ దగ్గరికొచ్చాడు చూడు నాయనా.”

“ఎవడు నేర్పాడు వీడికిది?”

“నేనే. అనండి మిస్టర్.”

“గూదర్జ్... ఇదిగో కత్తి. నా... నా మెడ నీది.”

“గట్టిగా అను. చనిపోయినవాడికి వినపడేలా అను.”

“నా మెడ నీది!”

“... నీ మెడ నాకెందుకు? దాంతో నా తమ్ముడు లేచొస్తాడా? అక్కర్లేదు. లే.”

“అమ్మయ్య! థాంక్స్ గూదర్జ్, చాలా థాంక్స్. విన్నావుగా కరామత్, అక్కర్లేదన్నాడు. సరే, ఆ కత్తి ఇలా ఇచ్చెయ్ మరి—”

“లేవకండి! కూర్చోండి మిస్టర్! మళ్ళీ అనండి!”

“ఎందుకు? వద్దన్నాడుగా!”

“మళ్ళీ అనమంటున్నా! వాడి కాళ్ళు పట్టుకుని అనండి! గూదర్జ్, నాయనా, ఆయనకి మన పద్ధతి తెలీదు, నేను చెప్పేలోపే నిప్పు—”

“తెలీదు తెలీదంటూనే ఉన్నావు ఇన్నేళ్ళుగా. నీ తాత కత్తి మర్యాదకి ఇస్తే పట్టుకుపోయాడు. నా తమ్ముడు మర్యాదకి అలుపు లేదంటే నమ్మేశాడు. ఇప్పుడు నేను వద్దంటే ఊపిరి పీల్చుకుని లేచి నిలబడ్డాడు. చూడు, నవ్వుతున్నాడు కూడా.”

“కత్తి దించు నాయనా. నీకు దండం పెడతా. నా ముఖం చూసి దించు.”

“వాడి పద్ధతే మంచిదేమో మామా, తొందరగా తెములుతుంది. నా మెడ నీదన్నాడుగా. మొదటి మాటకే పుచ్చుకుంటున్నా.”