మాదిరి ముక్క

2007 జులై. వేంపల్లె దగ్గర ఒక చీనీ (బత్తాయి) తోట, పొద్దున పూట. రైతు సుందరం, ప్రొద్దుటూరు నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థిని భాగ్యలక్ష్మి.

"ఆ డబ్బా మూత తియ్యి పాపా. లోపల ఏముండాదో చూపియ్యి."

"ఐసే పెద్దాయనా. ఇంకేం లేదు. ఇదో, చూడండి."

"ఐసే."

"ఆకులు కోసి ఇందులో పెట్టుకొని పోతా. పోయినేడు ఇదే నెలలో వచ్చినప్పుడు గూడా అట్లే తీసకపోయినా. మీ కొడుకు ఏసయ్యే కోసిచ్చినాడు. మీరు అప్పుడు జమ్మలమడుగు ఆసుపత్రిలో ఉన్నారంట, వాళ్ళమ్మకు ఆపరేషన్ అని చెప్పినాడు."

"చెప్పినాడా."

"ఆ. ఏసయ్య యాడ, అగపడడే?"

"ఈడ లేడు. నువ్వు ముందు నాకు ఒకటి చెప్పు. ఆకులను ఐసులో పెట్టేదెందుకు? మావాడు ఇదే మాట చెప్తే నేను నమ్మలేదు. వాడు చెప్పింది నిజమా అబద్ధమా, అదొక్కటి తెలిస్తే చాలు నాకు."

"నిజమే. ఏసయ్య అబద్ధం ఎందుకు చెప్తాడు? అది సరేగానీ పెద్దాయనా, బస్సు దిగి వస్తానే చూసినా. ఒక్క చెట్టు లేదు, అన్నీ మొద్దులే. ఎవురు నరికినారు?"

"నరికినారులే. ఐసు సంగతి చెప్పు."

"మూడెకరాలూ నరికినారా?"

"ఐసు సంగతి చెప్పమంటిని గదా."

"చెప్తా, చెప్తా. ఆకులో కణాలుంటాయి. లోపల పనులకు కణం చీటీలు రాసుకుంటాది. ఆ చీటీని ఆర్‌ఎన్‌ఏ అంటాము. శానా సున్నితం. రవ్వంత వేడికి, చేతి చెమటకు గూడా చెడిపోతాది. అందుకే ఐసు."

"ఆ చీటీల్లో నువ్వు చూసేదేంది?"

"చెట్టును ఎండగొట్టే వైరస్ ఉండాది గదా, అదీ ఒక చీటీనే. దొంగ చీటీ. లోపలికి దూరి, నా పని చెయ్యి అంటాది. చెట్టు పాపం యాడికి పారిపోతాది? ఆ దొంగ చీటీ నకలు తీసుకుంటా రెండు పోగులు పెనవేసుకొని జంటపోగు అయినప్పుడు, చెట్టు దాన్ని పట్టుకొని ముక్కలు ముక్కలు చేస్తాది. ఆ కత్తిరించేదాని పేరు డైసర్. దర్జీ లెక్క కొలిచి కత్తిరిస్తాది. ఒక్కో ముక్క ఇరవయ్యొకటో ఇరవైరెండో అక్షరాలు, అంతే."

"ఊ."

"ముక్కలో ఇంకా రెండు పోగులుంటాయి. ఆర్గోనాట్ అని ఇంకొకటి వచ్చి ఆ ముక్కను అందుకుంటాది. ఒక పోగును పట్టుకొని, రెండోదాన్ని పారేస్తాది."

"రెండూ ఒక్క ముక్కలోవే గదా. ఏది పారెయ్యాలో ఎట్ల తెలుస్తాది?"

"కొస వదులుగా ఉండేది దానికి చిక్కుతాది. గట్టిగా ఉండేది పోతాది."

"గట్టిదే పోతాది."

"ఏమన్నారు?"

"ఏం లేదు. పట్టుకొని ఏం చేస్తాది?"

"మా నాయన గుడ్డలంగడికి ఆడోళ్ళు చీర నుంచి రవ్వంత ముక్క కత్తిరించుకొని వస్తారు, రైక గుడ్డ మ్యాచింగుకు. ఇదీ అట్లే. ఆ మాదిరి ముక్కను పట్టుకొని కణమంతా తిరుగుతాది. దానికి జత కుదిరే చీటీ యాడ అగపడినా నరికేస్తాది."

"అడగదా?"

"ఏమని?"

"ఎవురు రాసినారు, ఎందుకు రాసినారు అని."

"అదేం అడుగుతాది పెద్దాయనా. జత కుదిరిందా, నరికేసిందా, అంతే. ఒక్కోసారి చెట్టు సొంత చీటీని గూడా నరికేస్తాది. ముక్క దగ్గరదగ్గరగా పోలితే చాలు."

"సొంతదాన్నే."

"సొంతదాన్నే. ఎప్పుడో ఒకసారిలే."

"పాపా, నువ్వు పద్నాలుగు చెట్లకే ఆకులు కోసినావంట. ఇంత తోటలో ఆ పద్నాలుగూ మళ్ళ ఎట్ల కనుక్కుందామనుకున్నావు?"

"గుడ్డ పీలికలు కట్టినా. మా అంగట్లో తాను కొసలు మిగిలింటే తెచ్చినా."

"ఏం రంగు?"

"ఊదా. ఆకుల్లో బాగా అగపడతాదని. ఎందుకు?"

"అప్పటికి పంచాయతీ ఎలక్షన్లు ఇంకో నెలలో ఉండాయి."

"ఉంటే?"

"మా ఊర్లో రెండు వర్గాలు. మేము ముప్పై ఏండ్లుగా ఒకరి వెంటే ఉండాము. ఎదుటోళ్ళ జెండా ఊదా."

"నాకు తెలీదు పెద్దాయనా. నాకు నిజంగా తెలీదు."

"నీకెట్ల తెలుస్తాది. ప్రొద్దుటూరు అంగట్లో అన్ని రంగులూ గుడ్డలే. ఈడ ఓట్లకు ముందు ఎవురన్నా పార్టీ మారితే నోటితో చెప్పరు. పొలంలో చెట్టుకు ఆ రంగు పీలిక కడతారు. చూసినోళ్ళు అర్థం చేసుకుంటారు. మావోళ్ళే చూసినారు. మావోళ్ళే వచ్చి నరికినారు. నిన్నటిదాకా నా పక్కన కూర్చొని బువ్వ తినినోళ్ళు."

"ఏసయ్యకు తెలుసు గదా. నేనే కట్టినానని చెప్పలేదా?"

"చెప్పినాడు. ప్రొద్దుటూరు ఆడపిల్ల వచ్చింది, ఆకులు కోసి ఐసుడబ్బాలో పెట్టుకొని పోయింది, ఆయమ్మే కట్టింది అన్నాడు. చేపలను పెడతారురా ఐసులో, ఆకులను పెడతారా అన్నా. నాకే చెవిలో పువ్వు పెడతావా అన్నా. బైబులు మీద చెయ్యి పెట్టి చెప్పినాడు. ఆ చెయ్యి లాగి పక్కకు కొట్టినా."

"నా పేరు చెప్పినా నమ్మకపోతిరా?"

"భాగ్యమో లక్ష్మో అన్నాడు. పేరు గూడా సరిగ్గా చెప్పలేవు, ఇంతకంటే అబద్ధం ఉంటాదా అన్నా. ఎదుటోళ్ళ కాడ మందు తాగి వాడే కట్టింటాడని గట్టిగా అనుకున్నా."

"ఏసయ్యను పిలవండి. ఇప్పుడే మీ వర్గం పెద్దమనిషి కాడికి పోదాం. నేనే చెప్తా ఆయనకు. ఏసయ్య యాడున్నాడు?"

"సమాధుల తోటలో."

"ఏంది?"

"చెట్లు పడిన మూడో దినం. వీరపునాయునిపల్లె నుంచి వస్తాంటే దావలో ఆటో ఆపినారు."

"అయ్యో. అయ్యో పెద్దాయనా."

"రోజూ వస్తాడు వాడు. కలలో కాదు, పట్టపగలే. ఈ మొద్దుల్లో నేను తిరుగుతాంటే ఎనకనే వస్తాడు. ఐసులోనే పెట్టింది నాయనా అంటాడు. ఏడాది నుంచి అదే మాట. నేను తిరిగి చూడను. నిజమో అబద్ధమో తెలీకుండా మొగం ఎట్ల చూసేది?"

"నా వల్లనే పోయినాడు. నా పీలికలతోనే పోయినాడు. పెద్దాయనా, నేను రాసిస్తా. స్టేషన్లో చెప్తా, కోర్టులో చెప్తా. మా నాయన వద్దన్నా చెప్తా. తప్పు నాది."

"గుడ్డ నీది. తప్పు నీది కాదు."

"నాది కాక ఎవురిది? ఆ గుడ్డ చూసే గదా చంపింది?"

"గుడ్డ చూసి తోట నరికినారు. మనిషిని నరకాలంటే పేరు కావాల. కట్టిందెవురో వాళ్ళకు తెలీదు."

"మరి ఏసయ్యని ఎట్ల..."

"తోట నరికిన మరుసటి దినం పెద్దమనిషి నన్ను ఇంటికి పిలిపిచ్చినాడు. చుట్టూ పదిమంది నిలబడినారు. తోట నీదే గదా సుందరం, కట్టింది నువ్వే గదా అన్నాడు. చచ్చిపోతానని భయం. అంత భయం నేనెప్పుడూ పడలేదు."

"మీరేమన్నారు?"

"ఆయన కాఫీ ఇప్పిచ్చినాడు. తాగలేక గ్లాసు చేతిలోనే పట్టుకొని ఉంటి."

"పెద్దాయనా, మీరేమన్నారు?"

"నేను కాదు, నా కొడుకు అన్నా."