చెట్ల కింది మట్టి

సభాధ్యక్షులు మునిరత్నం గారికి, వేదిక మీది పెద్దలకు, భూసార పరీక్ష కేంద్రంలో ఇన్నేళ్లు నాతో కలిసి మట్టి జల్లెడ పట్టిన సహోద్యోగులకు, ఎర్రగుంట్ల చుట్టుపక్కల పల్లెల నుంచి పనులు మానుకుని వచ్చిన రైతులకు నమస్కారం. ఇందాకట్నుంచి నేను కుర్చీలో కుదురుగా కూర్చోలేదని, శాలువా సర్దుకుంటానే ఉండానని మా ల్యాబు పిల్ల యామిని నవ్వుతాంది. శాలువా ఉక్క కాదు తల్లీ, మనసు నిలవడం లేదు. దానికి కారణం మూడో వరసలో, సరిగ్గా ఫ్యాను కింద కూచోనుండాడు. మా తమ్ముడు ఓబుళేశు. (నవ్వులు)

అధ్యక్షులు నా పని గురించి చాలా పెద్ద మాటలన్నారు. పొంగిపోవాల్సిందే గానీ, పోయిన నెల మా తమ్ముడు సంచిలో మట్టి తెచ్చినాడు. నల్లగా, మెత్తగా, పిడికిట్లో పట్టుకుంటే ఆకు వాసన. ఇంత బలమైన మట్టి మన దిక్కు చూసి శానా కాలమైందని సంబరపడి, భూసార కార్డు మీద బాగుందని రాసిచ్చినాం. అది చేతికందడమే ఆలస్యం, గుట్టవాలులో మాకు పట్టా ఉన్న అడివంతా కొట్టేసి బుడ్డలు, అదే వేరుశనగ, వేస్తానని జేసీబీ మాట్లాడుకున్నాడు. ఆ మట్టి తెచ్చింది ఆ చెట్ల కింద నుంచే!

"భూమి బాగుందని నువ్వే చెప్తివి గదక్కా" అంటాడు. చెప్తిని అబ్బీ. రేల, చండ్ర, సీతాఫలం ఏటేటా ఆకు రాల్చి, నీడ పట్టి తయారుచేసిన మెత్తదనం అది. చెట్లు తీసి దున్నినామంటే ఆ సత్తువ ఎండకు కరిగిపోతుంది, మిగిలిన పైమట్టి వానకు వంకలోకి దిగిపోతుంది. మొదట ఒకట్రెండేళ్లు పంట విరగకాస్తుంది, ఆ మాట నేను దాచను. మనం మోసపోయేది ఆడనే.

మన కింది చేను గుర్తుండాదా? నాయన చెట్లు కొట్టించి బుడ్డలేసిన తొలి ఏడు, కాయల గుత్తులు చూడడానికి ఊరంతా వచ్చింది, నాయన మీసం తిప్పినాడు. ఇప్పుడు ఆడ మడక దిగదు, దిగితే రాళ్ల మాదిరి మట్టి పెడ్డలు లేస్తాయి, వాన పడితే నీళ్లు ఇంకకుండా జారిపోతాయి. అది పండడం లేదనే గదా పైకెక్కుతాండావు? పైది కూడా అయిపోతే ఇంగ యాడికెక్కుతావు? దాని మీద ఉండేది ఉత్త బండ.

(మూడో వరస వైపు చెవి పెట్టి) ఏమప్పా, గట్టిగా చెప్పు, అందరూ వింటారు. "మరి తినేదేమక్కా?" అంటాండాడు. న్యాయమైన మాటే. నిన్న ఇదే మాట అడిగితే నాకు కోపం వచ్చింది గానీ, దానికి జవాబు రాత్రంతా వెతుక్కున్నా. కింది చేన్లో ఎరువుకు గొర్రెల మంద కట్టిద్దాం, జనుము చల్లి పచ్చిగా ఉండంగనే మట్టిలో కలిపి దున్నేద్దాం, వాలుకు అడ్డంగా గట్లేద్దాం. అది తేరుకునే దాకా నా పింఛను ఉండాది, ఇద్దరమూ తిందాం. మన తర్వాతోళ్లకు బండ మిగిల్చి పోవడం మాత్రం నా వల్ల కాదు.

నన్ను ఓర్చుకున్న పెద్దలకు, నా కసుర్లు పడిన ల్యాబు పిల్లలకు, ఈ పూలకు, ఈ భోజనాలకు కృతజ్ఞతలు. రేపు తెల్లారితే జేసీబీ వస్తాదంట. రేపట్నుంచి నాకు ఆఫీసు లేదు. ఓబుళేశూ, ఆ మిషను నడిపే అబ్బికి ముందే చెప్పు, దారికడ్డంగా ఒక ముసలామె కూచోనుంటాదని, హారన్ కొట్టినా లేవదని.

సెలవు.