నల్లబడ్డ నారింజ స్టాంపు

అయ్యో, రబ్బరు బ్యాండు వెయ్యకురా దానికి! తియ్యి ముందు. ఇదిలా తగలడింది రబ్బరు వల్లే కదా... సర్లే, నీకెలా తెలుస్తుంది? మీకెప్పుడైనా చెప్పానా ఏంటి? ఇద్దరూ ఇలా కూర్చోండి. మిమ్మల్ని పెద్దమ్మ దగ్గరికి పంపే ట్యాక్సీ వచ్చేలోపు చెప్పేస్తాను.

ఇది తాతయ్య ఇచ్చిన స్టాంపు. నవ్వకే అమ్మలూ! మసి పట్టినట్టుందని నాకూ తెలుసు. ఒకప్పుడు ఇది నారింజ రంగులో ఉండేది. మీ పెద్దమ్మ దగ్గరున్నది ఇప్పటికీ అలాగే ఉంది. అదే గొడవ.

పెళ్ళికి ముందు అమ్మమ్మకి ఉత్తరం రాద్దామని తాతయ్య స్టాంపులు కొన్నాడట. అతుక్కుని ఉన్న రెండు. ఒకటి అంటించడంలో పాడైతే ఇంకోటి ఉంటుందని! అంత జాగ్రత్త మనిషి. ఉత్తరం మాత్రం రాయలేదు, ధైర్యం చాలక. చివరికి తిన్నగా వాళ్ళింటికే వెళ్ళి అడిగేశాడు. దానికి మాత్రం ధైర్యం ఎక్కడ్నుంచి వచ్చిందో! ఆ జంటని దాచుకుని దాచుకుని, నేను ఇంత దూరం బయల్దేరిన రోజున చించి, అక్కకొకటి, నాకొకటి ఇచ్చాడు.

అక్క తనది పుస్తకంలో పెట్టి బీరువాలో దాచింది. నేనేమో ఫ్రేము కట్టించి కిటికీ పక్కన తగిలించాను. మన పాత వాటా గుర్తుందా, టైర్ల షాపు మీద? కింద పొద్దస్తమానం రబ్బరు కాల్చి అతుకులేసేవాళ్ళు. కిటికీ మూసినా మీ పాలసీసాలకి కూడా అదే వాసన. రోజూ చూస్తున్నదే కదా, నల్లబడుతోందని నాకేం తెలుస్తుంది? మీరు పెరగడం మాత్రం తెలిసిందా?

ఈ ఇల్లు కొన్నాక ఓరోజు వీడియో కాల్‌లో మురిపెంగా అక్కకి చూపించాను.

"ఇదేంటే? నాన్నిచ్చింది ఏదీ?" అంది.

ఇదే అక్కా అన్నాను.

"నాకు కళ్ళు పోలేదు. అసలుది అమ్మేసి ఇల్లు కొన్నావా?"

ఏం? నేనూరుకున్నానా? నోటికొచ్చినట్టు అన్నాను. అప్పటికే తాతయ్య లేడు. ఉంటే ఒక్క మాటలో తేలిపోయేది. ఇప్పుడేమో "పిల్లల్ని పంపు, నువ్వు రానక్కర్లేదు" అంది. విన్నారుగా, స్పీకర్లోనే అంది.

మొన్న పాత స్టాంపులమ్మే ఆయనకి చూపించాను. "కాఫీ ఖరీదు కూడా రాదమ్మా" అన్నాడు. దీంతో ఇల్లు కొన్నానట! ఎండ తగిలితే స్టాంపులు వెలిసిపోతాయట, ఇది మాత్రం వెలిసింది కాదట. అప్పట్లో ఆ నారింజ రంగులో సీసం కలిపేవారట. గాలిలో గంధకం తగిలితే ఆ సీసం నల్లబడుతుందట. కాలే రబ్బరు పొగలో ఉండేది అదేనట.

ఏదో మందు రాస్తే మళ్ళీ పాత రంగు వస్తుందన్నాడు. వద్దన్నాను. ఎందుకా? మెరిసిపోయేది తీసుకెళ్తే పెద్దమ్మ ఏమంటుంది? "మళ్ళీ కొత్తది కొని పంపింది" అనదూ!

ఇదిగో, భూతద్దంలో చూడండి. ఈ అంచు పళ్ళ దగ్గర మూల ముక్క లేదు కదా? చించేటప్పుడు తాతయ్య చెయ్యి కాస్త పక్కకి పోయింది. ఆ ముక్క అక్క స్టాంపుకి ఉండిపోయి ఉండాలి. పక్కపక్కన పెడితే కలవాలి.

కలవకపోతేనా? ఆ మాటే అనకురా.

ఫ్రేము కట్టేవాడి దగ్గర దీన్ని రెండ్రోజులు వదిలేసి వచ్చాను. మూల ముక్క అప్పటికే లేదా, అక్కడ పోయిందా, అసలు అక్కడ స్టాంపే మారిపోయిందా... నాకు మాత్రం ఏం తెలుసు? అక్క మాటే నిజమేమో అని నాకూ అనుమానంగానే ఉంది. ఆవిడకి చెప్పకండి. లేదు, చెప్పండి. అన్నీ చెప్పండి.

వెళ్ళగానే వాదన పెట్టుకోకండి. ముందు రెండూ పక్కన పెట్టి చూడమనండి. కలిస్తే మళ్ళీ ఇటు తేవద్దు, అక్కడే జంటగా ఉంచెయ్యండి. ఒకటి నారింజ, ఒకటి నలుపు. ఎప్పుడో పెద్దమ్మ మనవలో, మీ పిల్లలో అడుగుతారు, ఇవెందుకిలా ఉన్నాయని. అప్పుడు టైర్ల షాపు సంగతి చెప్పండి. తాతయ్య సంగతీ చెప్పండి.

కలవకపోయినా చెప్పండి. రాయని ఆ ఉత్తరమైతే నిజమేగా.