వాకిట్ల కుడి అడుగు

"తాతా, నీ కాలు మీద గీ బొడిపె ఏంది? చిన్నప్పటి సంది సూస్తున్న, ఒక్కసారి గూడ చెప్పకపోతివి."

గిదా? ఇగ ఇయ్యాల అడిగినవ్. బూట్లు సంచిల పెట్టుకున్నవా? హాల్ టికెట్? ఆధార్ కార్డు గూడ పెట్టు, గేటు కాడ అడుగుతరు. పెట్టినవా? అయితే ఇట్ల కూసో. రేపు ఉరికెటోళ్ళు ఇయ్యాల గింత సేపు నిలబడొద్దు. కూసో కావ్యా, జెప్త.

నాకు అప్పుడు ఇరవై ఏండ్లు. కాదు కాదు, నాకు ఇంకా నిండలే, ఇరవై యూసుఫ్ గానికి. యూసుఫ్ నీకు తెల్వదు, నా దోస్తు, బాన్సువాడల వాళ్ళకు కిరాణ దుకాణం ఉండె. మా ఇద్దరికి నీ లెక్కనే పోలీసు కొలువంటె పిచ్చి. గప్పుడు నిజామాబాద్‌ల ముందుగాల మైలు ఉరికిస్తుండె, ఎనుక ఛాతి కొలుస్తుండె. మా అవ్వ దాసుకున్న పెసర్లు అమ్మి నాకు కాన్వాస్ బూట్లు కొనిచ్చింది. పద్దెనిమిది రూపాయలు! గప్పుడు పద్దెనిమిది రూపాయలంటె ఇంట్ల కొట్లాటే.

ఉరుకుడంటె మాకేం తెల్సు? ఎంత ఉరికితె అంత గట్టిగయితమనుకున్నం. ఇరవై దినాలుందనంగ నేను ఒక్కసారె డబల్ జేసిన, పొద్దుగాల ఒకసారి, పొద్దుమీకి ఒకసారి. గిక్కడ, మోకాలి కింద, బొక్క మీద ఏలు పెడితె జివ్వుమనేది. అవ్వకు చెప్తె బూట్ల పైసలకు ఏడుస్తదని చెప్పలే. మా నాయినకు అసల్కె చెప్పలే. నేనె దొంగతనంగ చింతపండు ఉప్పు కలిపి పట్టేసిన, ఇటుక ఎచ్చజేసి కాపిన, మీదికెల్లి రుమాలు బిగ్గ కట్టిన. బిగ్గ కడితె నొప్పి తెల్వదు గదా, మళ్ళ ఉరికిన. యూసుఫ్ గాడొక్కడె మొత్తుకున్నడు, "అరే, వారం దినాలు ఆగురా, కాలు నీదేనా, కిరాయికి తెచ్చుకున్నవా?" అని. నేనింటనా? మొండి ఘటాన్ని.

ఉరికిచ్చే దినం, నిజామాబాద్ గ్రౌండ్ల, మూడో చక్కర్ల ఫట్‌మన్నది. నాకు ఇనబడ్డది బిడ్డా, అబద్ధం జెప్పుడెందుకు. పడిపోయిన. అందరు నన్ను దాటుకుంట పోయిండ్రు, యూసుఫ్ ఆగిండు. నేనె తిట్టి పంపిన, పోరా, ఉరుకు అని. వానికి కొలువొచ్చింది. మంచోడు, మొన్న మొన్ననె పోయిండు.

ఆ దినం మా నాయిన బాన్సువాడ బస్టాండ్ల ఎదురుసూస్తుండె, కొడుకు పోలీసై దిగుతడని. నేను కండక్టరు బుజం పట్టుకొని ఒంటికాలు మీద దిగిన. నాయిన నా కాలు దిక్కు సూసిండు. వంగి ఈపు మీదికి ఎక్కిచ్చుకున్నడు. గప్పుడు మన ఊరికి బస్సేడిది? నాలుగు మైళ్ళు మోసిండు, గింత పెద్ద పోరన్ని! తొవ్వల ఎవలన్న ఎదురైతె "ఏం లేదు, కాలు బెణికింది" అన్నడు. ఆయన మెడ మీద మొఖం పెట్టి ఏడ్సిన. ఆయనకు తెల్సు. తెల్వనట్టె నడిసిండు.

ఎదురుబొంగు బద్దలేసి కట్టు కట్టిండ్రు. బొక్క అతికింది, గీ బొడిపె మిగిలింది. ఎనుక కాలువ మీద లష్కర్ కొలువు దొరికింది. తూములు తీసుడు, మూసుడు, నీళ్ళు దొంగతనంగ మలుపుకోకుండ కావలుండుడు. ముప్పై ఏండ్లు గా కట్ట మీద నడిసిన. తడి మట్టిల అడుగు సూస్తె తూము ఎవలు తీసిండ్రో చెప్పేటోన్ని. వర్ని ఊరి దిక్కు ఒకాయన తూము కాడికి ఎనక్కి నడుసుకుంట పోయిండు, అడుగులు ఉల్టా కనబడాలెనని! మడిమ లోతు సూసి పట్టుకున్న. నవ్వకు, నిజం.

నీ సంగతి గూడ గట్లనే దొరికింది. రెండు నెలల కింద చెడగొట్టు వాన పడ్డది గదా, రోడ్డు మీద ఆరబోసిన వడ్లన్ని తడిసినయి, అందరు పరేషాన్. తెల్లారి నువ్వు ఉరికొచ్చి వాకిట్ల బూట్లిడిసి ఇంట్లకు పోయినవ్. సూస్తె తడి వాకిట్ల ఎడమ అడుగు నిండుగ ఉంది, కుడిది మునివేళ్ళె పడ్డయి. మీ అమ్మ అడిగితె ముల్లు గుచ్చిందన్నవ్. ముప్పై ఏండ్లు అడుగులు సదివినోని వాకిట్లనే గీ దొంగతనమా? నాకు కోపమొచ్చింది. కోపం గాదు, భయమయింది బిడ్డా. మా అవ్వకు నేను చెప్పకపోతిని గదా, గదే యాదికొచ్చింది.

నీ బూట్లు బోర్ల తిప్పి సూసిన. ఎడమది మంచిగనే ఉంది, కుడిది బయటి అంచు గీక్కపోయింది. ఇగ రోడ్డు మీదికి పోయి సూస్తె సమజైంది. పొద్దుగాల పాల ఆటోల బాన్సువాడ పోతవ్, ఆడికెల్లి ఇంటిదాక ఉరికొస్తవ్. దినాం ఒకటే దిక్కు. వచ్చేటప్పుడు ఎడమ దిక్కు సగం రోడ్డు వడ్లే, అంచుకు రాళ్ళు. వడ్లు తొక్కద్దని నువ్వు కుడి అంచుకు ఉరుకుతవ్. గా అంచు వాలు గదా, నీళ్ళు పోవాలెనని అట్లనే ఏస్తరు. కుడికాలు ఎప్పుడు పల్లంల, ఎడమ కాలు ఎప్పుడు మిట్టల. పైకెల్లి నా లెక్కనే ఒక్కసారె డబల్ జేసినవ్. నా రక్తం ఏడికి పోతది!

దవాఖానకు పోదామంటె ఎంత ఏడ్సినవ్. ఫోటో తీసినంక డాక్టరమ్మ ఏమన్నది? బొక్క ఇంకా పలగలే, ఇట్లనే ఉరికితె పలుగుతది, రెండు వారాలు ఉరుకుడు బంద్ అన్నది. నేను ఇటుక కాపుడు సంగతి చెప్తె నా మీద కండ్లెర్రజేసింది. ఐసు గడ్డ గుడ్డల సుట్టి పెట్టాలెనంట. నన్నట్ల తిట్టిన ఆడిపిల్లను ఎన్నడు సూడలే, నాకు మస్తు నచ్చింది.

ఇగ నువ్వు, "తాతా, గీ రెండు వారాల్ల అందరు నన్ను దాటుకుంట పోతరు" అన్నవ్. గా మాటకు నాడు నన్ను దాటుకుంట పోయినోళ్ళె యాదికొచ్చిండ్రు. కాని సూసినవా? ఆమె చెప్పినట్టు గడప మీద నిలబడి మడిమలు లేపినవ్. సైకిలు తొక్కినవ్. మోకాలి లోతు పిల్లకాలువల నడిసినవ్, కొంగలు గూడ నిన్ను సూసి జరగకపోతుండె. ఎనుక మెత్తటి కట్ట మీద నిమిషం ఉరుకుడు, నిమిషం నడుసుడు. దినం ఇడిసి దినం. కొత్త బూట్లు. నేను ఫోన్ పట్టుకొని కూసుంటి, గా టైము చూసేది నొక్కరాక రెండుసార్లు మీ అత్తకు ఫోన్ జేస్తి. ఎనిమిది వందల మీటర్లకు రోడ్డు మీద ఐదు నిమిషాలు పట్టేటిది, మొన్న నాలుగున్నరల వస్తివి. నువ్వు నమ్మకుంట మళ్ళ నొక్కుమంటివి. ఆగితె ఎనుకబడలే, ముందుకే పోయినవ్. గిది నాకు గా వయసుల ఎవలన్న చూపెడితె... సరే తియ్యి.

రేపు నేనొస్త. మీ నాయిన బండి మీద కూసోబెట్టుకుంట అన్నడు. గా నిజామాబాద్ గ్రౌండు కాడికి నేను మళ్ళ పోలే, ఇన్నేండ్లల్ల. లోపలికి రానియ్యరట, గేటు బయట ఉంట. నువ్వు పానం పెట్టి ఉరుకు. కాని గా జివ్వుమనే నొప్పి మళ్ళొచ్చిందనుకో, ఆగు. ఎవలేమన్న ఆగు. కొలువు మళ్ళ పడ్తది. మా నాయినంత బలం నాకు లేదు బిడ్డా, నిన్ను ఈపు మీద మోసుకరాలేను. నీ కాళ్ళ మీద నువ్వే గేటు దాటి రావాలె.

గేటు బయట మట్టేనట. నువ్వొచ్చినంక ముందుగాల నీ మొఖం సూడ, అడుగులు సూస్త. రెండు సమానంగ పడితె సాలు. గెలుస్తవ్, అది గాదు నా ఫికర్... సల్లగుండు తల్లీ. పో, పండుకో. అగో, మళ్ళ గడప ఎక్కుతున్నవేంది? ఇయ్యాల వద్దు, దిగు. కాళ్ళకు జర ఆరామియ్యి...